ఇంట్లోనే కీమో బిళ్లలు: ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న పెద్దాయనకు ఎలా వేయించాలి

ఆసుపత్రిలో సెలైన్‌తో ఎక్కించే కీమో అయితే పేరు, డోసు, టైము అన్నీ నర్సమ్మ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటుంది. బిళ్లలు చేతిలో పెట్టి ఇంటికి పంపారంటే ఆ పని మీ నెత్తిన పడ్డట్టే. మా నాన్నకి 76 ఏళ్లప్పుడు ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసింది. అప్పట్నుంచి మూడేళ్లు ఇంట్లోనే మాత్రలు వాడారు. అమ్మా నేనూ తప్పులు చేసి నేర్చుకున్నవి, డాక్టరుగారూ ఫార్మసిస్టూ చెప్పి చెప్పి మా బుర్రకెక్కించినవి ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పింది దీనికి తేడాగా ఉంటే డాక్టరు మాటే వినండి. మీ పెద్దాయన రిపోర్టులు డాక్టరు దగ్గరున్నాయి, నా దగ్గర లేవు.

ముందు మందు పేరు చదవండి

ఇళ్లలో అన్నిటినీ కలిపి "కీమో బిళ్లలు" అనేస్తాం. నిజానికి ఈ జబ్బుకి ఇచ్చే మాత్రల్లో ఎక్కువ కీమో కాదు, హార్మోను మందులు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మేత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను. ఆ మేత ఆపేస్తే జబ్బు తగ్గుముఖం పడుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ 1941లో చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పటికీ వైద్యం చాలావరకు ఆ దారినే నడుస్తోంది. అబిరాటెరోన్ ఆ హార్మోను తయారీనే అడ్డుకుంటుంది, వృషణాల్లోనే కాకుండా మూత్రపిండాల మీద కూర్చునే అడ్రినల్ గ్రంథుల్లోనూ, క్యాన్సర్ గడ్డలోనూ. ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్, డారోలుటమైడ్ అయితే హార్మోను ఉన్నా క్యాన్సర్ కణం దాన్ని వాడుకోకుండా చేస్తాయి. అసలైన కీమో మాత్ర సైక్లోఫాస్ఫమైడ్. మూడు వారాలకోసారి ఎక్కించే డోసెటాక్సెల్ డ్రిప్పు తట్టుకోలేని పెద్దవాళ్లకు దీన్ని 50 మి.గ్రా. లాంటి చిన్న డోసులో రోజూ ఇస్తుంటారు. జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉందని తేలినవాళ్లకు ఓలాపరిబ్ ఇంకో దారి.

ఈ పేర్లన్నీ మనకెందుకు అనుకోకండి. వీటిలో ఒకటి పరగడుపున వేసుకోవాలి, ఒకటి అన్నంతో వేసుకోవాలి, ఒకటి నీళ్లు బాగా తాగుతూ వేసుకోవాలి. పక్క బెడ్డు ఆయన ఎలా వేసుకుంటున్నాడో చూసి అలాగే వేయించారంటే కొంప మునుగుతుంది.

ఓపీ గదిలోంచి బయటికి వచ్చేలోపు ఇవి రాయించుకోండి: మందు పేరు, ఒక్కో మాత్ర ఎన్ని మి.గ్రా., రోజుకి ఎన్ని మాత్రలు, తిండికి ముందా తర్వాతా, మర్చిపోతే ఏం చేయాలి, రాత్రి పన్నెండింటికి ఇబ్బంది వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి. చివరిది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ఇంకో మాట. నెలకో మూడు నెలలకో పొట్ట దగ్గరో తుంటికో వేసే హార్మోను ఇంజెక్షన్ ఉంటుంది, ల్యూప్రోలైడ్ లాంటిది. మాత్రలు మొదలయ్యాయి కదా, ఇంజెక్షన్ ఇక అక్కర్లేదులే అని మానేసే ఇళ్లు ఉన్నాయి. వృషణాలు తీసేసే ఆపరేషన్ అయినవాళ్లకు తప్ప, మాత్రలతో పాటు ఆ ఇంజెక్షన్ కూడా నడవాల్సిందే. దాని తేదీ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి పెట్టండి.

ఇంట్లో ఒక్కరిదే బాధ్యత

మాత్రలు వేసే మనిషి ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే "నువ్వేశావనుకున్నా" అని ఒక పూట తప్పుతుంది, లేదంటే ఇద్దరూ వేసి డబుల్ అవుతుంది. మా ఇంట్లో అది అమ్మ. నేను హైదరాబాదు నుంచి రోజూ ఫోన్ చేసి "వేశావా?" అనకుండా "ఎన్నింటికి వేశావు?" అని అడిగేవాణ్ణి. మొదటిదానికి ఎప్పుడూ "ఆఁ" అనే జవాబు వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు ఇంకా వీలు. ఇక్కడి తెల్లవారుజాము వాళ్లకు సాయంత్రం, మాత్ర వేసుకునే వేళకి వీడియో కాల్ చేస్తే సరిపోతుంది.

పెద్దాయనకి జబ్బు పేరు చెప్పకుండా దాచడం మనవాళ్లలో మామూలే. "గ్యాస్ బిళ్ల", "బలానికి బిళ్ల" అని వేసేస్తారు. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. బలానికి బిళ్ల అనుకున్న మనిషి ఒంట్లో బాగుందనిపించిన రోజు మానేస్తాడు, నోట్లో చేదుగా ఉందని ఉమ్మేస్తాడు, జ్వరం వస్తే చెప్పడు. ఏం వేసుకుంటున్నాడో తెలిసిన మనిషే తన ఒంట్లో మార్పు గమనించి చెప్పగలడు. మా నాన్నకి డాక్టరుగారే చెప్పారు. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నుంచి మాత్రల లెక్క ఆయనే అడగడం మొదలుపెట్టారు.

గడియారం సంగతి: అబిరాటెరోన్ వాడేవాళ్లకు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అబిరాటెరోన్ మామూలు డోసు రోజుకి 1000 మి.గ్రా., అంటే 250 మి.గ్రా. మాత్రలు నాలుగు. మాత్రకి రెండు గంటల ముందు నుంచి, వేసుకున్నాక గంటసేపు, ఏమీ తినకూడదు. నీళ్లు తాగొచ్చు. కారణం ఉంది: కడుపులో కొవ్వున్న తిండి ఉంటే ఈ మందు రక్తంలోకి పదింతల వరకు ఎక్కువగా చేరగలదు. నెయ్యి వేసిన పెసరట్టు తిని నాలుగు మాత్రలు వేసుకుంటే ఒంట్లోకి ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు.

పాల కాఫీ కూడా తిండి కిందే లెక్క. ఇది విని మా నాన్న నీరుగారిపోయారు. ఆయనకు లేవగానే కాఫీ పడాలి. చివరికి ఇలా కుదిరింది: రాత్రి ఎనిమిదికి భోజనం, తెల్లవారి ఐదింటికి బాత్రూముకి లేచినప్పుడు మాత్రలు, గ్లాసు నీళ్లు, మళ్లీ పడక. ఆరున్నరకి కాఫీ. ఎనిమిదింటికి ఇడ్లీ, దాంతో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. పొద్దున కుదరనివాళ్లు రాత్రి ఏడుకి తినేసి పదింటికి వేసుకోవచ్చు, ఆ తర్వాత పదకొండు దాకా మజ్జిగ కూడా తాగకూడదు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ ఉండాలి.

షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, ఈ ఖాళీ కడుపు వేళని డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. ఇన్సులిన్ వేసి తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది.

అబిరాటెరోన్‌తో ప్రెడ్నిసోలోన్ ఎందుకంటే, ఈ మందు అడ్రినల్ గ్రంథిలో ఒక దారి మూసేసరికి ఇంకో దారిలో ఉప్పునీటిని ఒంట్లో పట్టి ఉంచే హార్మోన్లు పెరిగిపోతాయి. బీపీ పెరుగుతుంది, పాదాలకు నీరు పడుతుంది, పొటాషియం పడిపోతుంది. 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ రోజుకి ఒకటో రెండో వేసి దాన్ని అదుపులో పెడతారు. "స్టెరాయిడ్ మంచిది కాదట" అని ఎవరో చెప్పారని దాన్ని మీరే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఖర్చు తగ్గించడానికి కొందరు డాక్టర్లు 250 మి.గ్రా. ఒక్క మాత్రనే, కొవ్వు తక్కువున్న టిఫిన్‌తో ఇస్తారు. 72 మందితో చేసిన ఒక చిన్న అధ్యయనం 2018లో దీనికి దారి చూపించింది. అంటే అదే మందు ఒకరికి పరగడుపున నాలుగు, ఇంకొకరికి ఇడ్లీతో ఒకటి. రెండూ డాక్టరు రాసినవే కావచ్చు. మీ చీటీలో ఏది ఉంటే అది చేయండి. ఖర్చు ఎక్కువై మీ అంతట మీరు నాలుగుని ఒకటి చేయకండి. డబ్బు ఇబ్బంది ఉందని డాక్టరుకే చెప్పండి, అందులో సిగ్గేం లేదు.

మిగతా మందుల వేళలు

ఎంజాలుటమైడ్ 160 మి.గ్రా. రోజుకోసారి, తిన్నా తినకపోయినా పర్లేదు. డారోలుటమైడ్ రోజుకి రెండుసార్లు తిండితో. సైక్లోఫాస్ఫమైడ్ పొద్దున్నే వేయాలి, రాత్రి కాదు. ఆ మందు విరిగి మూత్రంలోకి వెళ్లి సంచిలో నిలవ ఉంటే లోపలి పొరను కాల్చినట్టు చేస్తుంది, రక్తం పడుతుంది. పొద్దున వేస్తే పగలంతా నీళ్లు తాగి, మళ్లీ మళ్లీ పోసి, రాత్రికి ఖాళీ అవుతుంది. ఎన్ని నీళ్లు అన్నది గుండె, కిడ్నీ చూసి డాక్టరే చెప్పాలి. మూత్రం సరిగ్గా ఖాళీ అవని పెద్దాయన అయితే ఆ మాట తప్పకుండా ముందే చెప్పండి.

మర్చిపోయిన డోసుకి రెండోరోజు రెండింతలు వేయడం ఏ మందుకీ లేదు. అబిరాటెరోన్ ఒక రోజు తప్పితే వదిలేసి మర్నాడు మామూలుగా వేయండి. ఎంజాలుటమైడ్ ఆ రోజే గుర్తొస్తే వేయొచ్చు. వేసుకున్నాక వాంతి అయితే, మాత్ర బయటికొచ్చినట్టు కనిపించినా, డాక్టరుని అడగకుండా మళ్లీ వేయకండి.

స్ట్రిప్పు ప్రతిసారీ చదవండి

మా తప్పు చెప్తాను. ఆరో నెలలో ఊళ్లో మెడికల్ షాపులో 250 మి.గ్రా. అబిరాటెరోన్ లేక 500 మి.గ్రా. ఇచ్చారు. "ఇదీ అదేనమ్మా" అన్నారట. మందు అదే, నిజమే. కానీ అమ్మకి గుర్తున్నది "నాలుగు". నాలుగు 500లు, అంటే 2000. మూడు రోజులు అలాగే వేసింది. నాలుగోరోజు డబ్బా పెద్దగా ఉందేంటని నేను వీడియోలో చూసి పట్టుకున్నాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే వెంటనే రమ్మని బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు చేయించారు. అదృష్టం, ఏమీ కాలేదు.

అప్పట్నుంచి అమ్మ రాసుకునేది మాత్రల సంఖ్య కాదు, మొత్తం మి.గ్రా. కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా దాని ఫొటో నాకు వాట్సాప్‌లో వచ్చేది. 250 మి.గ్రా. అయితే 30 రోజులకి 120 మాత్రలు. నెల మధ్యలో ఒకసారి లెక్కపెడితే తప్పినవి తెలిసిపోతాయి. ఏడు రోజుల మందు మిగిలి ఉండగానే కొత్తవి తెప్పించండి. చిన్న ఊళ్లలో ఇవి ఆర్డరు పెడితేనే వస్తాయి.

ముట్టుకోవడం, దాచడం, బాత్రూము

ఈ మాత్రలు బీపీ, షుగర్ బిళ్లల డబ్బాలో కలపకండి. విడిగా, వాటి సొంత డబ్బాలోనే, మనవలకు అందని ఎత్తులో పెట్టండి. పొయ్యి దగ్గర, ఎండ పడే కిటికీలో, మే నెలలో కారులో వద్దు. చెబితే తప్ప ఫ్రిజ్జులోనూ వద్దు.

మింగలేకపోతున్నారని చెంచాతో నలిపి తేనెలో కలిపి ఇవ్వకండి. క్యాప్సూల్ విప్పకండి. ఆ పొడి వేసేవాళ్లకీ పీల్చేవాళ్లకీ చెరుపు. మింగడం కష్టమైతే డాక్టరుని అడిగితే వేరే దారి చూస్తారు. చేతికి గ్లౌజు వేసుకోండి, లేదా డబ్బా మూతలోకి వంపి అందులోంచే ఆయన నోట్లో వేసుకోమనండి.

పురిటికి వచ్చిన కూతురో, కడుపుతో ఉన్న కోడలో ఇంట్లో ఉంటే వాళ్లు వీటిని వట్టి చేత్తో అస్సలు ముట్టుకోకూడదు. హార్మోను మందులు కూడా కడుపులో బిడ్డకి ప్రమాదమే. మా చెల్లెలు ఉన్న నాలుగు నెలలూ మాత్రల అలమర తాళం అమ్మ కొంగునే ఉండేది.

సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మాత్ర అయితే మూత్రం, వాంతుల్లో కూడా రెండు రోజుల దాకా మందు ఉంటుంది. రోజూ వేసుకుంటున్నారు కాబట్టి ఎప్పుడూ ఉన్నట్టే. పెద్దాయన్ని కూర్చునే మూత్రం పోయమనండి, చిందదు. మూత పెట్టి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. పాత పద్ధతి లెట్రిన్ అయితే రెండు బకెట్ల నీళ్లు పోయాలి. తడిసిన పంచెలు, దుప్పట్లు గ్లౌజులు వేసుకుని విడిగా ఉతకాలి. పనిమనిషి ఉంటే ఆమెకీ గ్లౌజులు కొనివ్వండి, ఎందుకో కూడా చెప్పండి.

ఒక నోట్‌బుక్కు

మాత్ర వేసిన వేళ, బీపీ, బరువు, షుగర్ ఉంటే షుగర్, ఆ రోజు ఏమైనా ఇబ్బంది. ఇంతే రాయండి. మొదటి రెండు నెలలు బీపీ వారానికి రెండు మూడుసార్లయినా చూడాలి. రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల కాదు, ఒంటికి నీరు పడుతోంది. చీలమండ పైన వేలితో నొక్కి చూడండి, గుంట పడితే ఫోన్ చేయండి. అబిరాటెరోన్ వాడినన్నాళ్లూ ఆవకాయ, అప్పడాలు తగ్గించక తప్పదు.

ప్రెడ్నిసోలోన్ పొద్దున వేస్తే షుగర్ పెరిగేది మధ్యాహ్నం, సాయంత్రం. పరగడుపు షుగర్ మాత్రమే చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతారు. సాయంత్రం ఒకసారి గుచ్చి చూడండి.

అబిరాటెరోన్‌కి మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష, ఆ తర్వాత నెలకోసారి. పొటాషియం దానితో పాటే. సైక్లోఫాస్ఫమైడ్‌కి రక్తకణాల లెక్క. పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బు ఎలా ఉందో చూసే రక్తపరీక్ష) ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. అది కాస్త పెరిగిందని ఇల్లంతా టెన్షన్ పడటం, తగ్గిందని మిగతా పరీక్షలు ఎగ్గొట్టడం, రెండూ మేం చేశాం.

ఎప్పుడు వెంటనే బయల్దేరాలి

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, చలితో వణికితే, ముఖ్యంగా కీమో మాత్ర వేసుకునేవాళ్లయితే, జ్వరం బిళ్ల వేసి తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. తెల్లకణాలు పడిపోయి ఉంటే తెల్లారేసరికి పరిస్థితి చేయిదాటొచ్చు. స్టెరాయిడ్ వాడే ఒంట్లో జ్వరం బయటపడకపోవచ్చు కూడా. జ్వరం లేకపోయినా మనిషి మగతగా, చల్లగా ఉంటే అంతే తొందర.

నడుము, వీపు నొప్పి కొత్తగా మొదలై పెరుగుతుంటే, కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతుంటే, మూత్రం, విరేచనం తెలియకుండా పోతుంటే, వెన్నుపాము నొక్కుకుంటోందని అనుమానించాలి. ఇది గంటల లెక్క. 108కి ఫోన్ చేసి, వెల్లకిలా పడుకోబెట్టి తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా పడిపోయాక వైద్యం చేసినా మళ్లీ నడక రావడం చాలా కష్టం. "వయసు మీద పడింది, నడుం పట్టేసి ఉంటుంది" అని ఆయింట్‌మెంట్ రాసుకుంటూ కూర్చునేది ఈ నొప్పికే.

మూత్రం ఆగిపోవడం, రక్తం పడటం, కళ్లు పచ్చబడటం, ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ, ఫిట్స్ వస్తే కూడా ఆలస్యం వద్దు. ఫిట్స్ ఎంజాలుటమైడ్‌తో అరుదుగా వస్తాయి. ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్, పక్షవాతం వచ్చి ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పాలి.

పడిపోకుండా

ఎముకల్లో జబ్బు ఉంది, హార్మోను తగ్గి ఎముకలు గుల్లబారుతాయి, కండ బలం తగ్గుతుంది, ఎంజాలుటమైడ్ అయితే నీరసం, తూలు. పైగా రాత్రి నాలుగుసార్లు లేవాలి. బాత్రూము నేల ఆరబెట్టి ఉంచడం, గోడకి పట్టుకునే కమ్మీ, కమోడ్ కుర్చీ, మంచం నుంచి బాత్రూము దాకా చిన్న లైటు. మాత్రల తర్వాత మేం పెట్టిన ఖర్చులో వీటికే ఎక్కువ ఫలితం దక్కింది. పంచె కాళ్లకడ్డం పడుతుంటే రాత్రిళ్లు పైజామా వేయించండి. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ ఆసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు రాస్తే ముందు పళ్ల డాక్టరుకి చూపించండి, ఇంజెక్షన్లు నడుస్తుండగా పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోవచ్చు.

వేరే మందులు

వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఓపీకి పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మందులు, ఫిట్స్ మందులు, కొన్ని షుగర్, బీపీ మందుల పనితనాన్ని ఈ క్యాన్సర్ మాత్రలు మార్చేస్తాయి. కాళ్లకు నీరు పడిందని ఊళ్లో డాక్టరు స్పైరనోలాక్టోన్ రాస్తే, అబిరాటెరోన్ వాడుతున్నామని చెప్పండి. స్పైరనోలాక్టోన్ ప్రోస్టేట్ క్యాన్సర్‌నే రెచ్చగొట్టగలదు. నొప్పులకి ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకోవడం కిడ్నీలకి చేటు. పసరు మందు, పొడులు వాడాలని ఉంటే దాచకుండా అడగండి. లివర్ పరీక్ష చెడిపోయినప్పుడు దేని వల్లో తెలియక అసలు మందు ఆపాల్సి వస్తుంది. పంపర పనసకాయ కూడా కొన్ని మందులతో పడదు, ముఖ్యంగా ఓలాపరిబ్‌తో.

ఖర్చు

అబిరాటెరోన్ జనరిక్ కంపెనీలు చాలా ఉన్నాయి, ధరల్లో తేడా చాలా ఉంటుంది. జన ఔషధి దుకాణంలో, ఆసుపత్రి ఫార్మసీలో అడిగి చూసి కొనండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఇంటి దగ్గర వేసుకునే మాత్రలు ప్యాకేజీలో ఉన్నాయా లేదా అని విడిగా అడగాలి, ఆపరేషన్లలాగా తేలిగ్గా రావు. హైదరాబాదులో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఖర్చు భరించలేనివాళ్లు తప్పక చూడాల్సిన చోట్లు.

మందు మార్చినప్పుడు

ఒకరోజు డాక్టరు ఈ మందు ఇక పనిచేయడం లేదు, మారుద్దాం అంటారు. అప్పుడు ప్రెడ్నిసోలోన్ ఆపాలా, తగ్గించుకుంటూ రావాలా, కొనసాగించాలా అని అడిగి రాయించుకోండి. మిగిలిన మాత్రలు చెత్తబుట్టలో, కాలవలో పడేయకండి. పక్క వీధిలో ఇదే జబ్బున్న ఆయనకి దానం కూడా చేయకండి. మందు కొన్న ఆసుపత్రి ఫార్మసీకే పట్టుకెళ్లి ఇవ్వండి. మా ఇంట్లో మిగిలినవి 38. అమ్మ లెక్కపెట్టి, నోట్‌బుక్కులో రాసి, సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చి వచ్చింది.